కలివికోడి చర్మము - బొంబాయి వానలు

బొంబాయిలోని తెలుగువారి పూర్వచరిత్ర చెప్పునపుడు పెద్దలు కామాఠిపురముతోనే మొదలుపెట్టుదురు. నైజాం రాజ్యమునుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి, రాళ్ళు మోసి, గోడలు కట్టిన కామాఠీల పేరే ఆ పేటకు నిలిచినది. అక్కడినుండి నడచిపోదగిన దూరమున, బైకలాలో రాణీబాగు నానుకొని యొక పాత ప్రదర్శనశాల కలదు. 1872లో తెరచిననాడు అది విక్టోరియా ఆల్బర్టు మ్యూజియము. నేడు డాక్టర్ భావూ దాజీ లాడ్ మ్యూజియము. ఆ భవనముననే 1883 సెప్టెంబరు 15వ తేదీన ఎనమండుగురు కూడి బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీని స్థాపించిరి. వారిలో ఆత్మారామ్ పాండురంగ్, సఖారామ్ అర్జున్ అను వైద్యు లిరువురు భారతీయులు. ఇప్పుడా సొసైటీ ఫోర్టు ప్రాంతమున హార్న్‌బిల్ హౌస్‌లో నున్నది. దాని బీరువాలలో వేలకొలది పక్షుల, మృగముల చర్మములు భద్రముగా నున్నవి. వానిలో నొకటి మన తెలుగుగడ్డపై పుట్టిన పక్షిది. దానినిగూర్చియు, అట్టివానిని చెడకుండ నిలుపు కాగితము, దూది, పెట్టె, జిగురులనుగూర్చియు కొంత వ్రాయదలచితిని.

ఆ పక్షి కలివికోడి. కలివిపొదల నడుమ తిరుగునది గనుక ఆ పేరు. కోడి యన్నమాటే గాని కోడిజాతిది కాదు. పొడుగుకాళ్ళతో నేలపై పరుగిడుచు రాత్రివేళ మేత వెదకుకొను చిన్నపిట్ట. 1848 ప్రాంతమున జెర్డన్ అను సైనికవైద్యుడు దీనిని శాస్త్రజ్ఞులకు తెలిపెను. 1900 తరువాత ఎవరికంటను పడలేదు. ఎనుబదియేండ్లకు పైగా జాడలేకపోవుటచే ఇది నశించినదనియే పలువురు తలచిరి. సొసైటీవారు కడపజిల్లాకు వచ్చి, పక్షిబొమ్మ చూపి, ఊరూర నడిగిరి. 1986 జనవరిలో సిద్ధవటము వైపున రెడ్డిపల్లెదగ్గర పిట్టలు పట్టువాడొకడు రాత్రి లైటు వెలుతురున దీనిని ప్రాణముతో పట్టి తెచ్చెను. పండితులకు కానరానిది పల్లెటూరివాని చేతికి చిక్కుట నాకెప్పుడును ముచ్చటగానే యుండును. పాప మా పక్షి కొలదిదినములే బ్రతికెను. దాని చర్మము బొంబాయి చేరినది. 1988లో లంకమల యడవి అభయారణ్య మైనది.

చచ్చినపిట్ట తోలు దాచి యేమి లాభమని అడుగువారు కలరు. వారికొక యుదాహరణము. 1917లో కోలారు ప్రాంతమున సేకరించిన గ్రుడ్డొకటి స్కాట్లండులోని అబర్డీను విశ్వవిద్యాలయపు మ్యూజియమున చాలకాలము ఉండెను. అది కలివికోడిదేనా యను సందేహము తీరుటకు, ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియమున నున్న పాతచర్మమునుండి చిన్నతునక తీసి, రెండింటి డి.ఎన్.ఏ.ను పోల్చిచూచిరి. సరిపోయినది, 2013లో ఆ సంగతి ప్రకటించిరి. ఎవరో యెన్నడో తోలును శ్రద్ధగా దాచియుండబట్టియే ఆ ప్రశ్నకు జవాబు దొరకినది.

జంతువు తోలు నొలిచి, లోన పూరణముపెట్టి నిలుపు విద్యను టాక్సిడెర్మీ యందురు. జనులు చూచుటకై బ్రతికియున్నట్లు నిలబెట్టునది యొక తెఱగు. లోన దూదిపెట్టి, రెక్కలు ముడిచి, వెల్లకిల పరుండబెట్టి, కాలికి చీటీకట్టి సొరుగున నుంచునది పండితులకొఱకైన రెండవ తెఱగు. ప్రాచీనకాలమున రెండును పురుగులపాలే అగుచుండెడివి. 18వ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు మెట్స్ నగరమున బెకేర్ అను మందులవర్తకుడు పాషాణము, కర్పూరము, సబ్బు, సున్నము మొదలగునవి కలిపి యొక లేపనము చేసెను. జీవించియున్నంతకాలము దాని మర్మ మెవరికిని చెప్పలేదు. ఆతని యనంతరము అది బయటపడి, మ్యూజియము లన్నిట వ్యాపించెను. తోలు నిలిచినది, కాని తోలుతోపాటు విషమును నిలిచినది. నూరేండ్లనాటి చర్మమును ఇప్పటికిని వట్టిచేతులతో ముట్టరాదు. నైట్రైలు తొడుగులు, ముక్కునకు తగిన మాస్కు ఉండవలెను. ఎక్స్‌కిరణముల యంత్రముతో, తోలునకు గాయము చేయకయే, పాషాణ మున్నదో లేదో తెలిసికొనవచ్చును.

పాషాణము పురుగు నాపగలదు గాని వాన నాపలేదు. జూలైలో ఈ నగరపు గాలిలో తేమ నూటికి ఎనుబది దాటుట మామూలు. డెబ్బది దాటినచో బూజు పట్టసాగును. మన చాళ్ళలో పదిచదరపు గదుల కాపురములు చేసినవారికి ఆ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. మా చాలులో నొకరింట తాతలనాటి జింకతల యుండెడిది. వాన మొదలుకాగానే దానిని వార్తాపత్రికలలో చుట్టి, కలరా ఉండలు వేసి, ప్లైవుడ్డు పెట్టెలో మంచముక్రింద తోసెడివారు. కొన్నియేండ్లకు వెండ్రుకలు రాలి, చెవియొకటి చీలి, దానికి పసుపుపచ్చని టేపు అంటియుండెను. వారు చేసినదంతయు ప్రేమతోనే చేసిరి, చెడగొట్టినవి వస్తువులు. వార్తాపత్రిక కాగితములో ఆమ్ల ముండును. అది తానును పండును, తాకినదానిని పండించును. ప్లైవుడ్డు జిగురునుండి ఆమ్లపు ఆవిరులు లేచును. మూతబిగించిన చెక్కపెట్టెలలో నుంచిన గ్రుడ్లపెంకులు, గవ్వలు ఇట్టి ఆవిరిచేతనే తెల్లని పొడిగా పూయును. గవ్వలు ఇట్లు చెడుటనుగూర్చి బైన్ అనునాయన 1899లోనే వ్రాసెను. కలరా ఉండల పొగ మనుష్యులకును మంచిది కాదు. టేపు జిగురు తోలులోనికి ఇంకి తిరిగి రాదు.

మ్యూజియమువారు కోరువస్తువులు మఱియొక జాతివి. పెట్టెకు ఆమ్లము లేని అట్ట. బీరువాకు పొడిరంగు కాల్చిపూసిన ఉక్కు. క్రింద ఒత్తునకు పాలిఎథిలీను నురుగుపలక. కిటికీకి పాలిఎస్టరు పొర. చూడ నొకతీరుగానే యుండినను పి.వి.సి. ప్లాస్టిక్కు పనికిరాదు, అది మెత్తబడి జిగటయై ఆమ్లము విడుచును. రబ్బరు నురుగు పొడిపొడియై రాలిపోవును. కప్పుటకు నూలుగుడ్డ మంచిదే గాని, కోరాగుడ్డ కాదు. మిల్లుమగ్గముల దగ్గర బ్రతుకులు గడపిన మన పద్మశాలీ సోదరులకు కారణము చెప్పనేల? గంజి పోవువఱకు ఉతికినగాని పురుగు దానిని విడువదు. తేమకు సిలికాజెల్, పురుగునకు చలి: వస్తువును పాలిఎథిలీను సంచిలో మూసి, సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో రెండువారము లుంచినచో పురుగులును గ్రుడ్లును చచ్చును, బయటికి తీసినపిమ్మట వెచ్చబడువఱకు సంచి విప్పరాదు.

చీలిన తోలును అతుకుటలో నొక నియమము కలదు. నేడు చేసినపనిని రేపు మఱియొకడు విప్పదలచినచో విప్పగలుగవలెను. అందుచే చీలికకు వెనుకనుండి జపానుకాగితపు పట్టీవేసి, ఎసిటోనులో కరగు పారలాయిడ్ బి-72 వంటి జిగురు వాడుదురు. బజారులో దొరకు తెల్లజిగురు గట్టిదే. ఆ గట్టితనమే దాని దోషము. తోలు వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకొనునపుడు అది వంగదు. ప్రక్కనే కొత్త చీలిక పుట్టును.

ముప్పదియేండ్లు రికార్డుగదిలో దస్త్రములు మోసినవాడను గనుక చీటీలవిషయము కొంచె మెక్కువ చెప్పుదును, క్షమింపవలెను. పక్షికాలికి కట్టిన చీటీపై ఊరు, తేదీ, ఆడయో మగయో, పట్టినవాని పేరు ఉండును. అవి పోయినచో చర్మము ఈకలమూటయే. కావున చీటీకి గుడ్డపీలికలతో చేసిన కాగితము, కార్బను నల్లసిరా లేక పెన్సిలు, కట్టుటకు నూలుదారము వాడుదురు. బాల్‌పెన్ను వ్రాత వెలసిపోవును. గుండుసూది త్రుప్పుపట్టి కాగితమును తినును, ఎన్నిఫైళ్ళలో చూడలేదు! పాతచీటీ యెంత మాసినను పాఱవేయరాదు. తప్పు వ్రాసియుండినను దిద్దరాదు. ప్రక్కన కొత్తది కట్టవలెను. కడపజిల్లా పేరును 1986 సంవత్సరమును ఆ చిన్నపక్షితో కూడ ఉండుట ఇట్టి కాగితపుముక్కపై ఆధారపడియున్నది.

ఈ విద్య మన నగరమున అంతరించలేదు. 2009లో బొరివిలిలోని సంజయ్‌గాంధీ జాతీయోద్యానమున టాక్సిడెర్మీ కేంద్ర మేర్పడెను. ఇండ్లలో పెద్దలనాటి తలలు, తోళ్ళు గలవా రొక్కసంగతి యెఱుగవలెను. 1972 నాటి వన్యప్రాణిసంరక్షణ చట్టముక్రింద స్వామ్యపత్రము లేనిదే అట్టివానిని ఉంచుకొనుట చిక్కు, అమ్ముట నిషిద్ధము. అటవీశాఖవారి నడుగక ఒకచోటినుండి మఱియొకచోటికి కదల్పరాదు. దుమ్ము దులుపుటకు చీపురుతో కొట్టరాదు, పిల్లలను దగ్గరకు రానీయరాదు. ఆ దుమ్ములో బెకేర్ గారి లేపనము ఉండవచ్చును.