చీకటియని తెలియని చీకటి

కంటివైద్యులు వాడు మాటలలో 'స్కొటోమా' యనునది యొకటి. చూచుమేరలో కొంతచోటు కనబడకపోవుటకు అది పేరు. ఈ మాట చరిత్ర పెద్దవారు తెలిసికొనదగినది.

గ్రీకుభాషలో 'స్కొటోస్' అనగా చీకటి. దానినుండి పుట్టిన 'స్కొటోమా' అను మాటకు ప్రాచీనులు తల తిరుగుట యను నర్థము చెప్పిరి. తటాలున లేచినపుడు 'కన్నులు చీకట్లు క్రమ్మినవి' అని మనమనుచున్నాము గదా! ఆ భావమే యిది. 16వ శతాబ్దమున ఇంగ్లీషులో చేరినపుడును దాని యర్థ మదియే. చూపులోని లోటు అను నేటి యర్థము 19వ శతాబ్దమున గాని స్థిరపడలేదు.

మాట కీ యర్థము రాకమునుపే ఆ లోటును కనుగొన్నవాడు ఫ్రాన్సు దేశీయుడగు ఎద్మ్ మారియోత్. ఆయన నల్లని గోడపై రెండు తెల్లకాగితములు ఎడముగా నంటించి, ఒక కన్ను మూసి, మొదటిదానినే చూచుచు వెనుకకు నడిచెను. ఒకచోట రెండవ కాగితము మాయమయ్యెను! ఈ సంగతి 1668లో ప్రకటితమైనది. కంటినుండి మెదడునకు నరము బయలుదేరు చోట చూచుశక్తి లేదు, అదియే కారణము.

మీరును పరీక్షింపవచ్చును. పిల్లల పలకమీద అయిదంగుళముల యెడముగా రెండు సుద్దచుక్కలు పెట్టుడు. ఎడమకన్ను మూసి, కుడికంటితో ఎడమచుక్కనే చూచుచు, పలకను మూరెడు దూరమున నుంచి మెల్లగా ముందువెనుకలకు జరుపుడు. కుడిచుక్క మాయమగును. అయినను అచ్చట రంధ్రము కనబడదు, పలక నల్లగా నిండియే యుండును. మెదడు లోటును కప్పిపుచ్చుచున్నది.

పుట్టుకతో వచ్చిన యీ లోటువలన హాని లేదు. వ్యాధివలన గలుగు లోటు అట్టిది కాదు. 1889లో డెన్మార్కు వైద్యుడు బియెర్రుమ్ తన గది తలుపునే తెరగా చేసికొని, నీటికాసుల రోగుల చూపును పరీక్షించి, విల్లువలె వంగిన లోట్లను కనుగొనెను. ఒక కంటి లోటును రెండవ కన్ను పూరించుటచే రోగికి చాలకాలము తెలియదు. గడప తగిలినను, ప్రక్కన వచ్చు బండి కనబడకున్నను, ముసలితనమని సరిపెట్టుకొనును.

పూర్వము ఈ మాట రోగికి తెలిసిన చీకటిని చెప్పినది. నేడు తెలియని చీకటిని చెప్పుచున్నది. నీటికాసులవలన పోయిన చూపు తిరిగిరాదు; మిగిలినదానిని చికిత్సచే కాపాడుకొనవచ్చును. కావున బాధ లేదని యూరకుండక, వైద్యునిచే ఒక్కొక్క కంటిని వేఱువేఱుగా పరీక్ష చేయించుకొనుడు.