కోలారు జిల్లా పరిశ్రమల్లో నాణ్యత, పర్యావరణ నిర్వహణ వ్యవస్థలు

తయారయ్యే సరుకు ప్రతిసారీ అనుకున్న తీరులోనే వచ్చేలా చూసే ఏర్పాటును నాణ్యతా హామీ వ్యవస్థ అంటారు. ఆ తయారీ వల్ల నేలకు, నీటికి, గాలికి జరిగే హానిని లెక్కగట్టి తగ్గించే ఏర్పాటు పర్యావరణ నిర్వహణ వ్యవస్థ. కర్ణాటకలోని కోలారు జిల్లాలో మొదటిదాని మూలాలు పందొమ్మిదో శతాబ్దపు బంగారు గనుల్లో ఉన్నాయి. రెండోది కాగితం మీదికి రావడానికి మరో వందేళ్లు పట్టింది.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగంలోకి దిగాక కోలారు బంగారు గనులు (కేజీఎఫ్) పెద్ద పరిశ్రమగా ఎదిగాయి. 1902లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి వాటికి కరెంటు వచ్చింది. గనికి నాణ్యత అంటే ఒకటే ప్రశ్న: టన్ను రాతిలో బంగారం ఎంత? దానికి జవాబు చెప్పేది అస్సే పరీక్ష. రాతిపొడి నమూనాలో సీసపు ఆక్సైడు, సోడా, బొరాక్స్ కలిపి మూసలో కరిగిస్తారు. కరిగిన సీసం బంగారాన్ని, వెండిని తనలో కలుపుకుని అడుక్కి దిగుతుంది. ఆ సీసపు ముద్దను ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి కొలిమిలో కాలిస్తే, సీసం గిన్నెలోకి ఇంకిపోయి ఆవగింజంత పూస మిగులుతుంది. నత్రికామ్లంతో వెండిని కరిగించి, మిగిలిన బంగారాన్ని సున్నితపు త్రాసులో తూస్తారు.

మిల్లులోకి పోయే రాతికే కాదు, బయటికొచ్చే ఇసుకకూ ఈ పరీక్ష ఉంటుంది. బంగారం ఎంత జారిపోయిందో తెలియాలి కదా. 1887లో గ్లాస్గోలో పేటెంటు పొందిన సైనైడు పద్ధతి కేజీఎఫ్‌కు చేరాక, అంతకుముందు వాడిన పాదరసానికి చిక్కని సన్నబంగారం కూడా దక్కింది. పిండేసిన ఇసుక మాత్రం ఊరి పక్కనే గుట్టలుగా పేరుకుంది. జనం వాటిని సైనైడు దిబ్బలంటారు. మొత్తం 13 దిబ్బలు, సుమారు 3.3 కోట్ల టన్నులు. ఇసుకలో మిగిలిన బంగారానికి పద్దులుండేవి. గాలి లేచినప్పుడు ఆ దుమ్ము ఎవరి ఇళ్లలో పడుతుందో చూడాలన్న చట్టం మాత్రం అప్పట్లో లేదు. గనిలో మనిషి ప్రాణానికి సంబంధించిన నిబంధనలు ముందే వచ్చాయి. నీటి కాలుష్య చట్టం 1974లో, వాయు కాలుష్య చట్టం 1981లో వచ్చాయి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చేసరికి, సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చిన ఈ గనులు చివరి దశలో ఉన్నాయి. 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం చేతికి వెళ్లి, 1972 నుంచి భారత్ గోల్డ్ మైన్స్ పేరుతో నడిచిన గనులను 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. దిబ్బలు ఉండిపోయాయి. వాటిలోని బంగారం కోసం మళ్లీ తవ్వే ప్రతిపాదనకు 2024 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. అంటే ఆ పాత పద్దులకు ఇప్పుడు మళ్లీ గిరాకీ వచ్చిందన్నమాట.

ఈలోగా ప్రపంచంలో నాణ్యత ఆలోచనే మారింది. తయారైనదాన్ని చూసి మంచిచెడ్డలు వేరుచేయడం పాత పద్ధతి. 1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ నియంత్రణ పటాన్ని రూపొందించి, తయారీ జరుగుతుండగానే తేడాను పట్టే గణాంక పద్ధతికి దారి వేశాడు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఆహ్వానంపై ఆయన 1947-48లో భారతదేశానికి వచ్చాడు. భారత ప్రమాణాల సంస్థ (ఐఎస్‌ఐ) పుట్టింది కూడా 1947లోనే. 1987లో అది బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ (బీఐఎస్) అయింది. 1979 నాటి బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5750 ఆధారంగా 1987లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) నాణ్యతకు 9000 శ్రేణిని వెలువరించింది. పర్యావరణానికి 1992లో బీఎస్ 7750, ఆ తర్వాత 1996లో ఐఎస్ఓ 14001 వచ్చాయి. పనివాళ్ల భద్రతకు ఐఎస్ఓ 45001 రావడానికి 2018 దాకా ఆగాల్సివచ్చింది.

కేజీఎఫ్‌లో ఈ కొత్త తరానికి ప్రతినిధి 1964లో ఏర్పడ్డ భారత్ ఎర్త్ మూవర్స్ (బీఈఎంఎల్). ఇక్కడి కర్మాగారంలో బుల్డోజర్లు, ఎక్స్‌కవేటర్లు తయారవుతాయి. సంస్థ తయారీ కేంద్రాలకు ఐఎస్ఓ 9001, 14001 ధ్రువీకరణలున్నాయి. ఇలాంటి చోట ఆడిటర్ యంత్రం బాగుందా అని అడగడు. ఫలానా వెల్డింగ్ అతుకు ఎవరు వేశారు, అతనికి అర్హత పరీక్ష ఎప్పుడు జరిగింది, కొలిచిన పరికరాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు అని అడుగుతాడు. పర్యావరణ ఆడిట్‌లోనూ అంతే: వాడేసిన నూనె, పెయింటు బురద ఎటు పోతున్నాయో రికార్డు చూపాలి. ఒక సంగతి మరవకూడదు. ఐఎస్ఓ 14001 ఏ పొగకూ, ఏ మురుగుకూ హద్దు గీయదు, హద్దు చట్టానిది. సంస్థ తన లక్ష్యం తానే పెట్టుకుని, దాన్ని అందుకునే పద్ధతి ఉందని మాత్రమే ఈ ధ్రువపత్రం చెబుతుంది. ఫ్యాక్టరీ గేటు మీద ఆ ధ్రువపత్రం బోర్డు చూసి, పక్క బావి నీళ్లు శుభ్రమని అనుకుంటే పొరపాటు.

జిల్లా పడమటి వైపు, బెంగళూరుకు దగ్గరగా మాలూరు, నరసాపుర పారిశ్రామిక ప్రాంతాలున్నాయి. 2013లో నరసాపురలో మొదలైన హోండా స్కూటర్ల ఫ్యాక్టరీ లాంటివి వచ్చాక విడిభాగాలిచ్చే చిన్న యూనిట్లకు కూడా ధ్రువపత్రం తప్పనిసరి మెట్టు అయింది. అది లేకపోతే ఆర్డరు దొరకడం కష్టం.

 అదే మాలూరు ముందునుంచీ ఇటుకలకు, పెంకులకు ప్రసిద్ధి. ఇటుకల బట్టీలో ఐఎస్ఓ పత్రం అరుదు. నాణ్యతను తేల్చేవి బీఐఎస్ ప్రమాణం, కొనేవాడి కన్ను. ఐఎస్ 1077 ప్రకారం పొడి ఇటుకను తూచి, చన్నీళ్లలో 24 గంటలు నానబెట్టి మళ్లీ తూస్తారు. మామూలు రకాల్లో పెరిగిన బరువు 20 శాతం దాటకూడదు. మేస్త్రీలు ఆ లెక్కేమీ లేకుండా రెండు ఇటుకలు ఒకదానికొకటి తాటించి, ఖంగుమంటే తీసుకుంటారు. పర్యావరణం వైపు మాత్రం బట్టీలకూ మినహాయింపు లేదు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ, బట్టీలు పొగ తగ్గించే జిగ్‌జాగ్ లేదా నిలువు గొట్టపు పద్ధతికి మారాలని, లేదంటే గొట్టాల ద్వారా వచ్చే సహజవాయువు వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. కాలుష్యం మితిమీరిన నగరాలకు పది కిలోమీటర్లలోపు ఉన్నవాటికి ఏడాది, మిగిలినవాటికి రెండేళ్లు గడువు పెట్టింది.