చికెన్‌ను నల్లా కింద కడుగుతున్నారా? కూరలో కాదు.. ముప్పు సింక్ దగ్గరే!

వరంగల్: ఆదివారం పొద్దున్నే చికెన్ సెంటర్ ముందు లైన్. ఇంటికి తేగానే నల్లా తిప్పి శుభ్రంగా కడగడం. వరంగల్, హనుమకొండ అనే కాదు, ఏ ఊళ్లోనైనా ఇదే అలవాటు. కానీ క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాకు కావాల్సింది సరిగ్గా ఇదే.

ఇది కోడి పేగుల్లో ఉంటుంది. కోడి ఒంటి వేడి సుమారు 42 డిగ్రీలు.. ఈ సూక్ష్మజీవికి బాగా కలిసొచ్చే వేడి కూడా అదే. కోడికి మాత్రం జబ్బు కనిపించదు. కాబట్టి చూసి, వాసన చూసి కనిపెట్టలేం. మనుషుల విరేచనాలకు ఇది పెద్ద కారణమని వైద్యులు గుర్తించింది కూడా 1970ల్లోనే.

ఉడికితే చచ్చిపోతుంది. మన కోడికూర ఉడికే తీరుకు అసలు బతకదు. సమస్య అంతకుముందే. నల్లా నీళ్లు మాంసం మీద పడి చిందితే ఆ తుంపర్లు పక్కనున్న గిన్నెలు, కొత్తిమీర మీద పడతాయి. చికెన్ కోసిన కత్తితోనే ఉల్లిగడ్డ కోసి, పచ్చిగా నంజుకుంటే ఇక చెప్పేదేముంది! కొన్ని వందల బ్యాక్టీరియా లోపలికి వెళ్లినా చాలు.

లక్షణాలు సాధారణంగా 2 నుంచి 5 రోజులకు బయటపడతాయి. జ్వరం, కడుపునొప్పి, ఒక్కోసారి రక్త విరేచనాలు. ఆదివారం అంటుకుంటే బుధవారం పడకేస్తాం.. మంగళవారం తిన్న మిర్చి బజ్జీని తిడతాం!

ఎక్కువ మందికి వారంలో తగ్గిపోతుంది. కానీ సుమారు వెయ్యి మందిలో ఒకరికి గులియన్ బారే సిండ్రోమ్ (జీబీఎస్) రావచ్చు. అంటే మన రోగనిరోధక శక్తే నరాలపై దాడి చేస్తుంది. 2025 జనవరిలో పుణెను వణికించింది ఇదే. అక్కడ ప్రధానంగా అనుమానించింది కలుషిత నీటిని. రోగుల నమూనాల్లో క్యాంపిలోబ్యాక్టర్ దొరికింది.

కోళ్ల నుంచి వచ్చే మరో బ్యాక్టీరియా సాల్మొనెల్లా. ఇది పచ్చి గుడ్డులోనూ ఉండొచ్చు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది.

మరి చికెన్ కడగొద్దా? కడగకపోయినా నష్టం లేదు, ఉప్పు పసుపు పట్టించి నేరుగా వండేయొచ్చు. మనసొప్పకపోతే గిన్నెలో నీళ్లు పోసి, చిందకుండా మెల్లగా కడగండి. తర్వాత సింక్, కత్తి, చేతులు సబ్బుతో కడగాలి. ఉల్లిగడ్డ, నిమ్మకాయ ముందే కోసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

విరేచనాలకు మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకోవద్దు. చాలా చోట్ల ఈ బ్యాక్టీరియా సిప్రోఫ్లోక్సాసిన్‌కు లొంగడం లేదు. విరేచనాలు తగ్గిన వారం, రెండు, మూడు వారాలకు కాళ్లలో తిమ్మిర్లు, మెట్లెక్కలేని నీరసం వస్తే మాత్రం ఆగొద్దు, వెంటనే ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి వెళ్లండి. జీబీఎస్‌కు ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్, ప్లాస్మా మార్పిడి చికిత్సలు మొదటి రెండు వారాల్లోనే బాగా పనిచేస్తాయి.