రోగిని మార్చే సాధనాలు (గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్)

కదలలేని రోగిని మంచం మీంచి స్ట్రెచర్ మీదికి, అక్కణ్ణుంచి ఆపరేషన్ బల్ల మీదికో చక్రాల కుర్చీలోకో మార్చడానికి వాడే పరికరాలివి. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ నుంచి విడివడిన ఈ మూడు జిల్లాల్లో, ఊరి నుంచి ఆస్పత్రికి చేర్చే పనిలోకి యంత్రాలు ముందుగా వచ్చాయి. రోగిని మంచం మీంచి మార్చే పని మాత్రం చాలావరకు మనుషుల రెక్కల మీదే నడుస్తోంది.

వెనుకటి రోజుల్లో పల్లెల్లో నులకమంచమే స్ట్రెచర్. నలుగురు నాలుగు కోళ్లు పట్టుకుంటే రోగి తన మంచం దిగకుండానే వైద్యుడి వాకిలి చేరేవాడు. నల్లమలలో, అప్పాపూర్ లాంటి చెంచు పెంటల్లో, కర్రకు గుడ్డ కట్టిన డోలీ ఆ పని చేసింది. మోత కష్టమే అయినా మార్పిడి తక్కువ. వాహనాలు వచ్చాక ఇది తలకిందులైంది: ఇంటి మంచం, అంబులెన్సు, క్యాజువాలిటీ, ఎక్స్‌రే బల్ల, వార్డు. ప్రతి మజిలీలోనూ రోగిని ఎత్తి దించాల్సిందే.

108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై క్రమంగా అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించింది. దానితో కాళ్లు మడిచి బండిలోకి తోసే చక్రాల స్ట్రెచర్, వెన్ను కదలకుండా పట్టి ఉంచే స్పైన్ బోర్డు, స్కూప్ స్ట్రెచర్ పల్లెలకు పరిచయమయ్యాయి. కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా సాగే 44వ జాతీయ రహదారి ప్రమాదాల్లో వీటి విలువ తెలుస్తుంది. స్కూప్ నిలువునా రెండు ముక్కలుగా విడిపోతుంది. చెరో పక్క నుంచి రోగి కిందికి జరిపి బిగిస్తే, అతణ్ణి పెద్దగా దొర్లించకుండానే పైకెత్తవచ్చు. అమెరికాలో వాలెస్ రాబిన్‌సన్‌కు దీనిపై 1947లో పేటెంట్ దక్కింది.

ఇంటికి, వార్డుకు పనికొచ్చే, రోగిని పైకెత్తే లిఫ్టు కూడా అమెరికాదే. ప్రమాదంలో కాళ్లూ చేతులూ పడిపోయిన టెడ్ హోయర్ తన అవసరం కోసమే హైడ్రాలిక్ లిఫ్టును రూపొందించుకున్నాడు. రోగిని జోలెలో కూర్చోబెట్టి, పిడి కొడుతూ పోతే ఇనుప చెయ్యి పైకి లేస్తుంది. బరువు మోసేవాళ్ల నడుము గురించి ఆలోచన రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. రోగిని ఎత్తేటప్పుడు ఒక్కరి మీద 35 పౌండ్లకు, అంటే సుమారు 16 కిలోలకు మించి భారం పడకూడదని 2007లో అమెరికా పరిశోధకుడు థామస్ వాటర్స్ సూచించాడు.

ఆ లెక్కన 60 కిలోల మనిషికి నలుగురు కావాలి. మన సర్కారు దవాఖానాల్లో సాధారణంగా దుప్పటి నాలుగు చెంగులు పట్టేది వార్డుబాయ్, ఆయా, ఇద్దరు బంధువులు. దుప్పటి జారితే రోగికి దెబ్బ. ఈడిస్తే చర్మం రాసుకుపోతుంది, మంచాన పడ్డవాళ్లకు పుండ్లు పడడానికి అదొక కారణం.

నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022లో మొదలయ్యాయి. వాటితోపాటు పెద్దాస్పత్రులు వచ్చిన చోట మార్పిళ్లూ పెరుగుతాయి. ఇక్కడి వార్డులకు లిఫ్టు కంటే ముందు కావలసింది నున్నటి ప్లాస్టిక్ జారుడు పలక. మంచం, ట్రాలీ ఒకే ఎత్తులో పెట్టి, చక్రాలకు బ్రేకులు వేసి, రోగిని పక్కకు ఒత్తిగిల్లించి పలక అంచు కిందికి దూర్చి, దుప్పటితో లాగితే చాలు. కరెంటు అక్కర్లేదు, చెడిపోయే భాగమంటూ లేదు. రోగికీ రోగికీ మధ్య తుడిచి పెట్టుకుంటే ఒక వార్డుకు ఒక్క పలక సరిపోతుంది.