కుట్టు లేని కవాటము



కవాటమనగా తలుపు. మన గుండెయందలి నాలుగు తలుపులకును వైద్యులు ఈ పేరే యుంచిరి. అందొకటి ఎడమ జఠరికకును బృహద్ధమనికిని నడుమ నున్నది. దానికి మూడు రెక్కలు. గుండె కొట్టుకొనినప్పుడెల్ల అది తెఱచుకొని దేహమునకు నెత్తురు విడుచును. వెంటనే మూసికొని, విడిచిన నెత్తురు వెనుకకు రాకుండ నాపును. దినమునకు సుమారు 1,00,000 పర్యాయములు ఈ పని జరుగును.

వార్ధకమున కొందఱకు ఈ రెక్కలపై సున్నపు పదార్థము పేరుకొని అవి బిరుసెక్కును. తూము పూడినచో చెఱువున నీరెంత యున్నను చేనికి పాఱదు గదా! అట్లే గుండె యెంత బలముగ నొత్తినను నెత్తురు చాలినంత వెలువడదు. నాలుగడుగులు వేసినంతనే ఆయాసము, ఎదనొప్పి, తటాలున సొమ్మసిల్లుట దీని గుఱుతులు. ముసలితనమున నిది సహజమని యూరకుండువారు పెక్కురు. వ్యాధి ముదిరి ఈ గుఱుతులు పొడసూపిన పిమ్మట, చికిత్స లేనిచో కొలది సంవత్సరములకు మించి జీవించుట యరుదు. మందులు ఆయాసమును కొంత తగ్గించును గాని బిరుసెక్కిన తలుపును మెత్తపఱుపజాలవు. తలుపునే మార్పవలెను.

ఆ మార్పు ఎట్లు సాధ్యమయ్యెనో వినుడు. 1952వ సంవత్సరమున అమెరికాయందు చార్లెస్ హఫ్నగెల్ అను శస్త్రవైద్యుడు ఒక బంతి కవాటమును గుండెకు దిగువగా బృహద్ధమనియం దమర్చెను. అసలు స్థానమున నుంచవలెనన్న గుండెను కొంతసేపు ఆపవలెను. 1953లో జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికముగ నెరవేర్చు యంత్రముతో ఒక యువతికి శస్త్రచికిత్స చేసి జయము గాంచెను. 1960లో బోస్టను నగరమున డ్వైట్ హార్కెన్ కృత్రిమ కవాటమును అసలు చోటనే నిలిపెను.

అయినను ఒక చిక్కు మిగిలెను. కవాటపు టంచు చుట్టును పెక్కు కుట్లు వేసి, ఒక్కొక్క ముడిని చేతితో బిగింపవలెను. అంతదాక గుండె ఆగియే యుండును. వయసువా డోర్చుకొనును, మూత్రపిండములు, ఊపిరితిత్తులు బలహీనమైన వృద్ధునకు ప్రతి నిమిషమును ప్రమాదమే.

కుట్టకయే నిలుపరాదా యని పిట్స్‌బర్గు నగర వైద్యుడు జార్జి మెగవర్న్ తలచెను. హ్యారీ క్రోమీ అను నిపుణునితో గూడి, చుట్టును చిన్న కొక్కెములు గల కవాటమును నిర్మించి 1962లో ప్రయోగించెను. పనిముట్టును త్రిప్పినంతనే కొక్కెములు వెలికివచ్చి చుట్టునున్న కణజాలమును పట్టుకొనును. వేలకొలది జనులకు దాని నమర్చిరి. కాని కొందఱకు కవాటము ప్రక్కనుండి నెత్తురు కాఱెను. కొందఱకు బంతిపై గడ్డలు కట్టెను. ఇంతలో ఆగిన గుండెను కాపాడు పద్ధతులు మెఱుగుపడగా, నిదానముగ కుట్టుటకు వ్యవధి చిక్కెను. కొక్కెముల కవాటము మూలబడెను. ఐనను అట్టిది యొకటి 42 సంవత్సరములు చక్కగ పనిచేసినట్లు 2008లో ప్రకటితమైనది.

విడిచిన మార్గమును మఱల త్రొక్కుట కేమి కారణము? ఆయుర్దాయము పెరిగి, ఎనుబదియేండ్లవారును చికిత్సకు రాసాగిరి. 2002లో ఫ్రాన్సు దేశమున రువాన్ నగరమందు అలాన్ క్రిబియే, ఱొమ్ము కోయకయే, ముడిచిన కవాటమును రక్తనాళము గుండ పంపి గుండెలో విప్పెను. ఆ ముడుచు నేర్పు శస్త్రవైద్యులకును ఉపకరించెను. 2007లో పెర్సెవాల్ అను కవాటమును ఐరోపాలో తొలిసారి అమర్చిరి. దాని రెక్కలు పశువు గుండెపొరతో జేసినవి. చట్రము నికెలు, టైటానియముల మిశ్రలోహము. ఈ లోహమును ముడిచి విడిచినచో తన పూర్వరూపమును దాల్చును. వైద్యుడు సున్నము పట్టిన పాత రెక్కలను తొలగించి, మూడు దారముల యాధారముతో క్రొత్తదానిని చోటికి దింపి విడుచును. అది విప్పారి తనంత నిలుచును; దారములను లాగివేయుదురు. ఐరోపా 2011లోను, అమెరికా 2016లోను దీని కనుమతి నిచ్చినవి.

ఇది కుట్టుకంటె మేలా? 2021లో ప్రకటితమైన, 910 మందిపై జరిగిన పరీక్షలో, నెత్తురు బిగించి గుండె నాపిన కాలము సగటున 65 నిమిషములనుండి 48 నిమిషములకు తగ్గెను. ఏడాది తుదకు ఇరుపక్షముల ఫలితములును ఇంచుమించు సమానములే. కాని గుండె లయను నడపు పేస్‌మేకరు అవసరమైనవారు కుట్టు లేనివారిలో నూటికి సుమారు 11, కుట్టినవారిలో సుమారు 4. గుండె లయను కొనిపోవు తంతువులు ఆ ప్రక్కనే యుండుటచే చట్రపు టొత్తిడి వానికి తగులును. కావున ఇది యందఱకును గాదు. కాలము తగ్గుట ప్రాణావసరమైనవారికి, అనగా బలహీనులైన వృద్ధులకును, అదే సమయమున వేఱు గుండె చికిత్సయు వలసినవారికిని విశేషముగ ఉపయోగకరము.

మెగవర్న్ తలపు తప్పు గాదు. దానికి తగిన లోహమును రెక్కలును నాడు చిక్కలేదు. పెద్దలారా, మీలో నెవరికైన నడకలో ఆయాసము హెచ్చినచో వయసుపై నెపము వేయకుడు. వైద్యుడు చెవిగొట్టము నెదపై నుంచి వినినచో ఆ యిఱుకుదారిలో నెత్తురు చేయు చప్పుడు తఱచుగ వినబడును. ఆపై, కుట్టుటయో, కుట్టు లేనిదియో, నాళము గుండ పంపుటయో, ఏది తమకు తగునో, దాని మేలు కీడు లెవ్వియో అడిగి తెలిసికొనుడు.