అంటార్కిటికా స్థావరాల్లో వంటశాల: బెల్జికా నుంచి భారతి దాకా

మీలో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల వారు ఇంట్లోని పెద్దలను అడిగితే, పాతరోజుల్లో ఏడాది తిండి లెక్క ఎలా వేసేవారో చెబుతారు. కోతలు కాగానే వడ్లు, జొన్నలు గుమ్మిలో పోసేవారు. ఎండాకాలంలో చింతపండు, మిరపకాయలు, మామిడి తొక్కు సిద్ధం చేసుకునేవారు. బెల్లం కామారెడ్డి అంగడి నుంచి వచ్చేది. తినేవాళ్ళు ఎందరు, పండుగలెన్ని, చుట్టాలు ఎందరు రావచ్చు అన్న లెక్క ఇల్లాలిది. ఆ లెక్క తప్పితే అప్పు చేయాలి, లేదా గిన్నె పట్టుకుని పొరుగింటికి వెళ్ళాలి. ఈ పాఠంలో మనం చూడబోయే వంటశాలలోనూ లెక్క ఇదే. కాకపోతే అక్కడ అంగడి లేదు, పొరుగిల్లు లేదు. ఓడ వేసవిలో మాత్రమే వస్తుంది. అక్కడ వేసవి అంటే మనకు చలికాలం, నవంబరు నుంచి మార్చి వరకు.

అంటార్కిటికా చరిత్రను చాలాకాలం నాయకుల చరిత్రగానే రాశారు. ఎవరు ముందు చేరారు, ఎవరి జెండా నాటారు అన్నదే ప్రధాన విషయం. కానీ అదే యాత్రల దినచర్య పుస్తకాలు, సరుకుల జాబితాలు, వైద్యుల నివేదికలు చదివితే ఇంకొక చరిత్ర బయటపడుతుంది. ఎవరు బ్రతికారు, ఎవరు జబ్బుపడ్డారు అన్నది చాలాసార్లు వంటశాలలోనే తేలింది. అంతకంటే ముఖ్యంగా, వంట గురించి ఎవరి మాట చెల్లింది అన్నదాన్ని బట్టి తేలింది.

మొదట బెల్జికా అనే ఓడ సంగతి చూద్దాం. అడ్రియన్ ద జెర్లాష్ నాయకత్వంలో వెళ్ళిన ఈ బెల్జియం ఓడ 1898 మార్చి నాటికి సముద్రపు మంచులో చిక్కుకుపోయింది. సరిగ్గా ఏడాది తరువాత, 1899 మార్చిలో గాని బయటపడలేదు. అంటార్కిటికా ప్రాంతంలో చలికాలం గడిపిన మొదటి యాత్ర ఇదే. మే నెల మధ్యలో అస్తమించిన సూర్యుడు మళ్ళీ జులై చివరివరకు కనబడలేదు. డబ్బాల్లోని ఆహారం తింటున్న మనుషులకు చిగుళ్ళు వాచాయి, కాళ్ళు ఉబ్బాయి, గుండె దడ పెరిగింది. అది స్కర్వీ వ్యాధి. నాయకుడే మంచం పట్టి వీలునామా రాసుకున్నాడు.

ఓడలోని వైద్యుడి పేరు ఫ్రెడరిక్ కుక్. (ఇంగ్లీషులో ఆ పేరుకు వంటవాడు అనే అర్థం ఉంది గాని, ఆయన వంటవాడు కాదు.) ఆయన అంతకుముందు 1891-92లో రాబర్ట్ పియరీతో గ్రీన్‌లాండ్ వెళ్ళాడు. అక్కడి ఇన్యూట్ ప్రజలు కూరగాయలు దాదాపు లేకుండానే, తాజా మాంసాన్ని పచ్చిగానో సగం ఉడికించో తింటూ స్కర్వీ లేకుండా ఉండటం గమనించాడు. ఇక్కడ కూడా పెంగ్విన్, సీల్ మాంసాన్ని పూర్తిగా ఉడికించకుండా తినాలని పట్టుబట్టాడు. ద జెర్లాష్‌కు ఆ మాంసం రుచి, వాసన పడవు. తాను తినలేదు, ఇతరులకు పెట్టడానికీ చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి ఉపనాయకుడు లెక్వాంత్ ప్రాణం మీదికి వచ్చాక తిని, కొద్దిరోజుల్లోనే లేచి తిరగడం మొదలుపెట్టాడు. ఆ తరువాత మిగతావారూ దారికి వచ్చారు. కుక్ రోగులను రోజూ కొంతసేపు పొయ్యి మంట ఎదుట నిలబెట్టేవాడు కూడా. సూర్యుడు లేనిచోట పొయ్యే సూర్యుడైంది.

ఆ మాంసంలో ఏముందో కుక్‌కు తెలియదు. తాజా మాంసంలో, ముఖ్యంగా కాలేయం వంటి భాగాల్లో, కొద్దిగా సి విటమిన్ ఉంటుంది. ఎక్కువసేపు ఉడికిస్తే అది నశిస్తుంది. కాని సి విటమిన్‌ను గుర్తించింది 1932లో. అంటే వైద్యశాస్త్రం కంటే దాదాపు 34 ఏళ్ళ ముందే ఇన్యూట్ వంటింటి జ్ఞానం ఒక ఓడను కాపాడింది. మీరు ఈ సంఘటనను పరీక్షలో రాసేటప్పుడు కుక్ ప్రతిభ గురించి మాత్రమే రాసి ఊరుకోవద్దు. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో కూడా రాయండి.

ఈ అనుభవం తరువాతి యాత్రలన్నింటికీ ఉపయోగపడి ఉండాలి. పడలేదు. 1901లో బయలుదేరిన రాబర్ట్ స్కాట్ డిస్కవరీ యాత్రలో 1902లో స్కర్వీ కనిపించింది. చెడిన డబ్బా ఆహారంలో పుట్టే విషమే ఈ జబ్బుకు కారణమని అప్పటి బ్రిటిష్ వైద్యుల్లో పలువురు నమ్మేవారు. అందుచేత డబ్బాలు బాగున్నాయా లేదా అని పరీక్షించారే గాని, తాజా మాంసం పెంచాలన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది. పైగా సీల్‌లను పెద్ద ఎత్తున చంపడం స్కాట్‌కు ఇష్టం లేదు. ఆ జాలిని మనం తప్పుపట్టలేం. కాని ఆనాటి పరిస్థితిలో దాని ఖరీదు మనుషుల ఆరోగ్యమే. స్కాట్ స్థావరంలో లేని సమయంలో ఉపనాయకుడు ఆర్మిటేజ్ రోజూ తాజా సీల్ మాంసం వండించాక జబ్బు తగ్గింది.

బెల్జికాలో పనిచేసిన ఒక యువ అధికారి మాత్రం ఆ పాఠాన్ని మరచిపోలేదు. ఆయన రోఆల్డ్ అముండ్‌సెన్. 1911లో ఫ్రామ్‌హైమ్ అనే స్థావరంలో చలికాలం గడిపినవారు 9 మంది. వారిలో ఒకడు అడాల్ఫ్ లిండ్‌స్ట్రోమ్, వంటవాడు. ఆయన అంతకుముందు 1903-06లో గ్యోఆ ఓడలోనూ అముండ్‌సెన్‌కు వండిపెట్టాడు. రోజూ సీల్ మాంసం, ముడిపిండి రొట్టె, పొద్దున్నే వేడివేడి అట్లు, నిలవ చేసిన అడవిపండ్లు వడ్డించేవాడు. ఆ స్థావరంలో స్కర్వీ రాలేదు. అదే కాలంలో స్కాట్ రెండవ యాత్రలో, 1912లో తిరిగివస్తున్న ఎడ్వర్డ్ ఎవాన్స్ స్కర్వీతో చావు అంచుదాకా వెళ్ళాడు. దక్షిణ ధ్రువాన్ని ముందు చేరడానికి కుక్కలు, స్కీలు కారణమని పుస్తకాలు చెబుతాయి. నిజమే. ఆ జాబితాలో లిండ్‌స్ట్రోమ్ పొయ్యిని కూడా చేర్చడం న్యాయమని ఈ పాఠం రాసినవారి అభిప్రాయం.

ఈ వేట వంట తరువాతి కాలంలో ముగిసింది. 1959లో 12 దేశాలు అంటార్కిటికా ఒప్పందంపై సంతకం చేశాయి, 1961లో అది అమల్లోకి వచ్చింది. 1991లో మాడ్రిడ్‌లో కుదిరిన పర్యావరణ ఒడంబడిక 1998 నుంచి అమలవుతోంది. దాని ప్రకారం అనుమతి లేకుండా అక్కడి జంతువులను, పక్షులను చంపకూడదు. బ్రతికి ఉన్న కోళ్ళను తీసుకుపోకూడదు. కోసి శుభ్రం చేసిన కోడిమాంసాన్ని కూడా జబ్బు లేదని పరీక్షించాకే ఓడ ఎక్కించాలి. తినగా మిగిలినదాన్ని వెనక్కి తేవాలి, లేదా పూర్తిగా కాల్చివేయాలి. కోళ్ళ జబ్బులు పెంగ్విన్‌లకు సోకుతాయేమోనన్నది భయం. శుద్ధిచేయని మట్టిని తీసుకుపోకుండా వీలైనంతవరకు జాగ్రత్తపడాలి. అందుకే కొన్ని స్థావరాల్లో ఆకుకూరలను మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీటితో పెంచుతారు. జర్మనీ స్థావరం నొయ్‌మాయర్-3 దగ్గర 2018లో ఇలా తొమ్మిదిన్నర నెలల్లో 268 కిలోల కూరగాయలు పండించారు.

భారతదేశం ఈ చరిత్రలోకి ఆలస్యంగా, అంటే వేట ముగిసి నిలవ సరుకుల కాలం వచ్చాక అడుగుపెట్టింది. ఎస్.జెడ్. కాసిం నాయకత్వంలో 21 మంది 1981 డిసెంబరులో గోవా నుంచి బయలుదేరి 1982 జనవరి 9న అక్కడ దిగారు. హర్ష్ గుప్తా నాయకత్వంలోని మూడవ యాత్ర 1983-84లో దక్షిణ గంగోత్రి స్థావరాన్ని నిర్మించింది. ఈయనే తరువాత హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థకు డైరెక్టరు అయ్యారు. 1984లో 12 మంది అక్కడే ఉండిపోయి భారతీయుల మొదటి చలికాలం గడిపారు. మంచు పలక మీద కట్టిన ఆ స్థావరం క్రమంగా మంచులో కూరుకుపోయింది. దాని స్థానంలో 1989లో రాతినేల మీద మైత్రి వచ్చింది. వంటకు, తాగడానికి నీరు పక్కనే ఉన్న ప్రియదర్శిని సరస్సు నుంచి వస్తుంది. సరుకు మాత్రం ఓడ ఆగే మంచు అంచు నుంచి సుమారు 100 కిలోమీటర్లు మంచుబండ్ల మీదనో హెలికాప్టర్లలోనో రావాలి. కామారెడ్డి నుంచి హైదరాబాద్‌కు ఉన్న దూరం కంటే ఇది కాస్త తక్కువ, కాని దారిలో పగుళ్ళు, మంచు తుపానులు ఉంటాయి.

మూడవ స్థావరం భారతిని 134 ఓడ కంటెయినర్లతో నిర్మించి 2012లో ప్రారంభించారు. అక్కడి ఉపగ్రహ కేంద్రం పంపే సమాచారం మన షాద్‌నగర్‌కు చేరుతుంది. ఆ కేంద్రంలో పనిచేయడానికి ఇస్రో శాస్త్రవేత్త మంగళా మణి 2016 నవంబరులో 23 మంది బృందంతో వెళ్ళి 403 రోజులు ఉన్నారు. ఆ బృందంలో ఆమె ఒక్కరే మహిళ. 403 రోజులు 23 మందికి రెండుపూటలా అంటే 18,538 భోజనాలు. మీ ఇంటి గుమ్మి లెక్కతో పోల్చి చూడండి. ఒక అదృష్టం ఏమిటంటే, మన రెండు స్థావరాలూ పెద్ద ఎత్తులో లేవు కాబట్టి పప్పు మామూలుగానే ఉడుకుతుంది. దక్షిణ ధ్రువం దగ్గరి అమెరికా స్థావరం 2,835 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీరు సుమారు 90 డిగ్రీలకే మరుగుతుంది, ప్రెషర్ కుక్కర్ లేకుంటే పప్పు మెత్తబడటం కష్టం.

భారత స్థావరాల్లో వంటవారికి సహాయంగా అందరూ వంతులవారీగా పనిచేస్తారు. ఓడ వంటగదిని గ్యాలీ అంటారు కాబట్టి దీనికి గ్యాలీ డ్యూటీ అని పేరు. వైద్యుడైనా, శాస్త్రవేత్త అయినా, సైనిక అధికారి అయినా తన వంతు రోజున కూరగాయలు తరగాలి, గిన్నెలు కడగాలి. ఎవరు వండాలి, ఎవరితో కలిసి తినాలి, ఎవరి ఎంగిలి ఎవరు తీయాలి అన్నవి కులాన్ని బట్టి నిర్ణయమైన సమాజం మనది. అటువంటి సమాజం నుంచి వెళ్ళినవారు ఏడాదిపాటు ఇలా బ్రతకడం చిన్న విషయం కాదు. యాత్రల శాస్త్రీయ నివేదికల్లో మంచు మందం, గాలి వేగం వివరంగా ఉంటాయి. ఈ వంతుల పట్టికలను కూడా చరిత్ర ఆధారాలుగా భద్రపరచవలసి ఉంది.

అభ్యాసం: కామారెడ్డిలోగాని ఎల్లారెడ్డిలోగాని మీకు దగ్గరలో ఉన్న ఒక వసతిగృహం వంటశాలకు అనుమతి తీసుకుని వెళ్ళండి. వంట చేసే వారితో మాట్లాడండి. నెల సరుకులో ఏది ముందు అయిపోతుంది? అప్పుడు ఏం చేస్తారు? సరుకు తెచ్చేటప్పుడు వారి మాట ఎవరైనా అడుగుతారా? వారికి తెలిసిన లెక్క ఏ రిజిస్టరులోనైనా ఉందా, లేక వారి నోటనే ఉందా? విన్నది విన్నట్టు రెండు పేజీలకు మించకుండా రాయండి. పేర్లు రాయవద్దు.