ప్లీడరు పరీక్ష నుండి ప్రవేశ పరీక్ష వరకు

పొలము గట్టు తగవైనను, వారసత్వపు చిక్కైనను, పెద్దమనుషుల మాటతో తీరనప్పుడు పల్లెవాసులు ఎక్కునది కోర్టు మెట్లే. ఆ మెట్లెక్కిన వారి పక్షమున వాదించు హక్కు ఎవరికి ఉండవలెను? ఆ హక్కునకై ఏమి చదువవలెను? ఏ పరీక్షలో నెగ్గవలెను? ఈ ప్రశ్నలకు ఒక్కొక్క కాలమున ఒక్కొక్క సమాధానము లభించెను. న్యాయశాస్త్ర విద్యలో ప్రవేశము గోరి నేడు గ్రంథాలయపు బల్లల వద్ద కూర్చుండు యువతీయువకులకు ఆ చరిత్ర తెలియుట మేలు. ఏలయన వారు తట్టుచున్న తలుపు ఒక్కనాడు తెరువబడినది కాదు. రెండు శతాబ్దములకు పైగా కొంచెము కొంచెముగా తెరువబడుచు వచ్చినది.

కుంఫిణీ పాలనలో, 1793లో వంగరాష్ట్రమునను, 1802లో మద్రాసు రాజధానిలోను వకీళ్లను గూర్చిన రెగ్యులేషనులు వెలువడెను. వంగ రెగ్యులేషను ప్రకారము హిందువులును మహమ్మదీయులును మాత్రమే వకీళ్లు కాదగియుండిరి. కోర్టులలో ఆంగ్లేయ న్యాయాధిపతుల ప్రక్కన పండితులును మౌల్వీలును కొలువుండి శాస్త్రార్థము చెప్పుచుండిరి. అనగా నాటి న్యాయము కొద్దిమంది కంఠములలో నుండెనే గాని, ఎల్లరకును అందు పుస్తకములలో లేకుండెను. 1846లో వచ్చిన చట్టము మొదటి గడియను తీసెను. అర్హతా పత్రము పొందిన వారెవరైనను, జాతిమత భేదము లేక, ప్లీడరు కావచ్చునని అది విధించెను.

అంతకంటె పెద్ద మార్పు తరువాతి దశాబ్దములలో జరిగెను. 1859లో సివిలు ప్రొసీజరు కోడు, 1860లో పీనలు కోడు, 1872లో సాక్ష్య చట్టము, కాంట్రాక్టు చట్టము, 1882లో ఆస్తి బదిలీ చట్టము వెలువడెను. 1864లో కోర్టు పండితుల, మౌల్వీల కొలువులు రద్దయ్యెను. న్యాయము సెక్షనులుగా విభజింపబడి, అచ్చయి, పుస్తక రూపమున జనుల చేతికి వచ్చెను. పీనలు కోడునకు 511 సెక్షనులు, సాక్ష్య చట్టమునకు 167 సెక్షనులు. చదువనేర్చిన వాడు వానిని తానే చదువుకొనవచ్చును. చదివినదానిని పరీక్షించుటయు సాధ్యమయ్యెను. న్యాయవాద వృత్తికి పరీక్ష స్థిరపడుటకు ఇది ముఖ్యమైన ఆధారము.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయము, 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడెను. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్సు చట్టము వకీళ్లు, ప్లీడర్లు, ముక్త్యారులు మొదలగు తరగతులను గుర్తించెను. 1891లో మద్రాసు లా కాలేజి వెలసెను. కోర్టులకు వలెనే న్యాయవాదులకును అంతస్తులుండెను. బి.ఎల్. పట్టము పొందిన వారికి హైకోర్టు వకీలు అగు మార్గముండెను. అంత చదువునకు స్థోమత చాలనివారు ప్లీడరు పరీక్ష నెగ్గి క్రింది కోర్టులలో వృత్తి సాగించుచుండిరి. ఎందరో పేదయింటి పిల్లలకు ఈ చిన్న తలుపే దిక్కయ్యెను.

టంగుటూరి ప్రకాశముగారి జీవితమే దీనికి నిదర్శనము. ఆయన 1872లో ఒంగోలు ప్రాంతమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతింపగా, తల్లి ఒంగోలులో పూటకూళ్లు నడిపి పిల్లలను సాకెను. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుని ఆదరణ వలన ఆయన చదువు సాగెను. రెండవ తరగతి ప్లీడరై, రాజమహేంద్రవరమున పేరును ధనమును గడించెను. కాని ఎంత వాగ్ధాటి యున్నను, రెండవ తరగతి ప్లీడరు పై కోర్టులలో వాదింపరాదు. ఆ అడ్డుగోడను దాటుటకై ఆయన 1904లో ఇంగ్లండునకు పోయి, బారిష్టరై 1907లో తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో స్థిరపడెను. బారిష్టరు కాగోరువారు లండనులోని ఇన్ అను న్యాయవిద్యా సంఘములలో చేరి, పరీక్షలలో నెగ్గుటయే గాక, పన్నెండు టరముల పాటు ఆ సంఘపు భోజనశాలలో నియమిత విందులకు హాజరు కావలసి యుండెను. ప్రకాశముగారు 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి అయిరి. పూటకూళ్ల యింటి బిడ్డకు ఆ చిన్న తలుపైనను లేకున్నచో, పెద్ద తలుపు తట్టు అవకాశమే రాకపోయెడిది.

ఆ చిన్న తలుపు సైతము స్త్రీలకు చాలకాలము మూయబడియే యుండెను. కొర్నీలియా సొరాబ్జీ 1892లోనే ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్ర పరీక్ష నెగ్గెను. పట్టము మాత్రము 1922 వరకు ఆమె చేతికి రాలేదు. బి.ఎల్. పట్టము పొందిన రెజీనా గుహ తనను ప్లీడరుగా చేర్చుకొనుమని కోరగా, 1916లో కలకత్తా హైకోర్టు నిరాకరించెను. చట్టమున 'వ్యక్తి' అను మాటకు పురుషుడనియే అర్థము చెప్పబడెను. 1923లో ప్రత్యేక చట్టము వచ్చి, స్త్రీ అను కారణమున ఎవరిని త్రోసిపుచ్చరాదని శాసించెను. నేడు ప్రవేశ పరీక్షకు కూర్చుండు ప్రతి బాలికయు ఆ చట్టమునకు ఋణపడియున్నది.

నైజాము రాష్ట్రమున అడ్డుగోడ భాషా రూపమున నుండెను. అచ్చటి పాలనకు, ఉన్నత న్యాయస్థానములకు భాష ఉర్దూ. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారను న్యాయవాది తెలుగున మాటాడబోగా, సభలోని కొందరు గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటి న్యాయవాదులు ఆ ఉద్యమమునకు అండగా నిలిచిరి. గ్రంథాలయ స్థాపనయు ఆ సంఘపు ఆశయములలో నొకటి.

కోస్తా జిల్లాలలో ఈ పని అంతకు ముందే మొదలయ్యెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసెను. అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికి ప్రాణము పోసిరి. 1935లో కృష్ణా కాలువ మీద పడవలో సైతము గ్రంథాలయము నడిచెను. పుస్తకము కొనలేని వాని యొద్దకు పుస్తకమే పోవలెనని ఆ పెద్దల సంకల్పము. న్యాయశాస్త్రము పుస్తకములకెక్కిన పిదప, పుస్తకము అందనివానికి న్యాయవిద్యయు అందదు గదా!

స్వాతంత్ర్యానంతరము 1961లో వచ్చిన అడ్వకేట్ల చట్టము పాత అంతస్తులను తొలగించి, న్యాయవాదులనందరను అడ్వకేట్లను ఒక్క తరగతిగా జేసెను. న్యాయశాస్త్ర పట్టము అందరకును తప్పనిసరి యయ్యెను. ఇది సమానత్వమే. కాని కాలేజీకి పోకుండ పరీక్ష నెగ్గు పాత చిన్న తలుపు దీనితో మూతపడెను. అందువలన కాలేజీలో ప్రవేశమే అసలు ద్వారమయ్యెను. 1988లో బెంగుళూరున జాతీయ న్యాయ విద్యాలయము ఐదేండ్ల కోర్సు ప్రారంభించెను. 1998లో హైదరాబాదున నల్సార్, 2008లో విశాఖపట్టణమున మరియొక న్యాయ విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. విద్యాలయమునకొక పరీక్ష వ్రాయలేక విద్యార్థులు పడు బాధను తగ్గించుటకు, ఏడు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములు కలిసి 2008లో క్లాట్ అను ఉమ్మడి పరీక్షను మొదలిడెను.

పాత ప్లీడరు పరీక్షకును ఈ ప్రవేశ పరీక్షకును ఒక ముఖ్యభేదము కలదు. నాడు చట్టము నేర్చినవానిని పరీక్షించిరి. నేడు చట్టము నేర్వగలవానిని పరీక్షించుచున్నారు. ఒక దృష్టాంతము: 'మైనరు చేసిన ఒప్పందము చెల్లదు' అను సూత్రమును ప్రశ్నలోనే యిత్తురు. పదునారేండ్ల బాలుడొకడు మోటారు సైకిలు కొనుటకు ఒప్పుకొని మాట తప్పెను. అమ్మజూపినవాడు ఆ ఒప్పందము అమలు జరుపుమని దావా వేసెను. దావా నెగ్గునా? మాట తప్పినవానికి శిక్ష పడవలెనని మనసు చెప్పును. కాని సమాధానము మనసును బట్టి కాదు, ఇచ్చిన సూత్రమును బట్టి చెప్పవలెను, దావా నెగ్గదు. కావున దీనికి కావలసినది సెక్షనులను వల్లెవేయుట కాదు. చదివినదానిని చదివినట్లు గ్రహించుట.

2020 నుండి క్లాట్ ప్రశ్నలు గద్యభాగములను చదివి సమాధానమిచ్చు రీతిగా నున్నవి. 2024 ప్రవేశ పరీక్ష నుండి రెండు గంటలలో 120 ప్రశ్నలు. ప్రతి తప్పునకు పావు మార్కు కోత. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు వేర్వేరుగా జరుపు లాసెట్‌లో 90 నిమిషములలో 120 ప్రశ్నలు. తప్పులకు కోత లేదు. సాధారణ జ్ఞానమునకు 30, వర్తమాన విషయములకు 30, న్యాయవిద్యాభిరుచికి 60 మార్కులు. లాసెట్ ప్రశ్నలు తెలుగున కూడ లభించును. క్లాట్ మాత్రము ఆంగ్లముననే జరుగుచున్నది. పైగా 2025 ప్రవేశములకు క్లాట్ దరఖాస్తు రుసుమే సాధారణ అభ్యర్థులకు 4,000 రూపాయలు. మతపు గడియ, స్త్రీపురుష భేదపు గడియ తొలగిపోయినవి. భాషాధనముల గడియ యింకను మిగిలియున్నది.

ఆ గడియను తీయు శక్తి గ్రామ గ్రంథాలయమునకు కొంతయైనను కలదు. రోజుకొక గంట దినపత్రికను శ్రద్ధగా చదివి, ముఖ్య విషయమును నాలుగు వాక్యములలో వ్రాసికొన్నచో వర్తమాన విషయములు వాటంతట అవే వశమగును. ఒక ఆంగ్ల పత్రికను తెప్పించి, ఇద్దరు ముగ్గురు కలిసి సంపాదకీయమును చదివి చర్చించిన భాషాభయము తగ్గును. రాజ్యాంగపు తెలుగు ప్రతి ఒకటి బల్ల మీద నుండవలెను. పాత న్యాయగ్రంథములను మాత్రము తేదీ చూచి చదువవలెను. పీనలు కోడు స్థానమున 2024 జూలై 1 నుండి 358 సెక్షనుల భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది.

రాజ్యాంగపు 39ఎ అధికరణము, పేదరికము వలన ఎవరికిని న్యాయము దక్కకుండ పోరాదని ఆదేశించుచున్నది. ఆ మాట నిజము కావలెనన్న, పేదవాని కష్టమును అతని భాషలోనే విని కోర్టున వినిపింపగల న్యాయవాదులు పల్లెలనుండియే రావలెను. పూటకూళ్ల యింటి బిడ్డకు నాడు ఒక ఉపాధ్యాయుడు అండయయ్యెను. నేటి పల్లె బిడ్డకు గ్రామ గ్రంథాలయము అట్టి అండయైనచో, దాని రజతోత్సవము సార్థకమగును.